ఇల్లు సర్దుకునేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు: రంగులు, ఫర్నిచర్, పుస్తకాల షెల్ఫులు, మొక్కలు

కొత్త ఫ్లాట్ తీసుకున్నా, అద్దె ఇంట్లోకి మారినా అందరికీ వచ్చే డౌట్లు దాదాపు ఒకటే. ఒకరికి ఫోన్లో చెప్పిందే ఇంకొకరికి మళ్లీ చెప్పాల్సి వస్తోంది, అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మన ఎండలు, మన వానలు, మన టూ బీహెచ్‌కే ఫ్లాట్లు దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఏ ప్రశ్నకి ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావాల్సిన దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## మొదలుపెట్టే ముందు

పెయింట్ ముందు వేయించాలా, కార్పెంటర్ పని ముందు చేయించాలా?

రిపేర్లు అన్నిటికన్నా ముందు. లీకులు, వైరింగు, స్విచ్ బోర్డులు ఎక్కడ రావాలి అన్నీ తేల్చుకోండి, ఎందుకంటే గోడ పగలగొట్టే పని ఏదున్నా అది రంగు వేశాక గుర్తొస్తే డబ్బులు రెండుసార్లు పెట్టాలి. తర్వాత గోడలకి లప్పం, ప్రైమర్, ఒక కోటు రంగు వేయించి అక్కడితో ఆపించండి. అప్పుడు కార్పెంటర్‌ని దింపండి. వాళ్ల కోతలు, డ్రిల్లింగులు, గోడకి తగిలే దెబ్బలు అన్నీ అయిపోయాక చివరి కోటు. పెయింటర్లు మళ్లీ రావడానికి ఇష్టపడరు, మొత్తం ఒకేసారి ముగించేస్తాం అంటారు, కాబట్టి ఈ విషయం ముందే మాట్లాడుకుని చివరి కోటు డబ్బులు అప్పుడే ఇస్తాం అని చెప్పండి. కర్టెన్లు, మొక్కలు ఆ దుమ్మంతా పోయాకే.

బడ్జెట్ తక్కువ, ఏ గదితో మొదలుపెట్టాలి?

చాలామంది హాలు అంటారు, వచ్చేవాళ్లు చూసేది అదే కాబట్టి. నేనైతే మీరు రోజూ ఎక్కువసేపు ఉండే గది అంటాను. ఇంట్లో అమ్మగారు రోజంతా వంటింట్లో, దాని పక్క గదిలో ఉంటే అక్కడ వెలుతురు, కూర్చోడానికి మంచి కుర్చీ, కాస్త అందం ముందు రావాలి. వర్క్ ఫ్రమ్ హోమ్ చేసేవాళ్లకి ఆ టేబుల్ ఉన్న మూల ముఖ్యం. డబ్బు తక్కువున్నప్పుడు రంగు, కర్టెన్లు, లైట్లు ఈ మూడిటి మీద పెడితే తేడా బాగా కనిపిస్తుంది, సోఫా సంగతి తర్వాత చూసుకోవచ్చు. అన్ని గదుల్లో కొంచెం కొంచెం చేస్తే ఏ గదీ పూర్తవదు, ఒక గది పూర్తి చేసి ఆ గదిలో కొన్నాళ్లు ఉండి చూస్తే మిగతా వాటికి ఏం కావాలో మీకే తెలుస్తుంది.

వాస్తు ప్రకారం సర్దితే లుక్ పాడవుతుందా?

పాడవదు. ఇంట్లో పెద్దవాళ్లకి మనశ్శాంతి అది, దానికి గౌరవం ఇస్తూనే అందంగా సర్దుకోవచ్చు. బరువులు నైరుతిలో, ఈశాన్యం ఖాళీగా తేలిగ్గా ఉండాలి అనేది అందరూ చెప్పేదే కదా. నైరుతి గోడలకి మధ్యాహ్నం ఎండ గట్టిగా తగులుతుంది, అక్కడ బీరువాలు, వార్డ్‌రోబ్ పెడితే గదిలోకి వచ్చే వేడి కొంత తగ్గుతుంది. ఈశాన్యంలో పొద్దున లేత ఎండ వస్తుంది, ఎత్తు సామాను పెట్టకపోతే ఆ వెలుతురు లోపలికి వస్తుంది. ఇబ్బంది ఎక్కడంటే అపార్ట్‌మెంట్లలో అన్నీ కుదరవు. కుదరని చోట ఏది ముఖ్యమో ఇంట్లో అందరూ కూర్చుని ముందే మాట్లాడుకోండి, వార్డ్‌రోబ్ బిగించాక మొదలయ్యే గొడవలు చాలా బాధ పెడతాయి.

అద్దె ఇల్లు అండి, ఓనర్ మేకులు కొట్టొద్దంటారు, ఏం చేయగలం?

చాలా చేయొచ్చు. ఎప్పుడు ఖాళీ చేసినా మీతో పాటు వచ్చేసే వాటి మీద డబ్బు పెట్టండి: నేల మీద నిలబడే ల్యాంపులు, మంచి కర్టెన్లు, డర్రీలు (జంపఖానాలు), విడదీసి మోసుకెళ్లే షెల్ఫులు, మొక్కలు. ఫొటోలు గోడకి తగిలించే బదులు షెల్ఫు మీదో టేబుల్ మీదో ఆనించి పెట్టుకోవచ్చు. కిటికీ ఫ్రేము మధ్యలో బిగుసుకునే స్ప్రింగు రాడ్లు దొరుకుతాయి, తేలికపాటి కర్టెన్లకి సరిపోతాయి. అంటించే హుక్కులు నున్నటి టైల్ మీద, తుడవదగ్గ మంచి ఎమల్షన్ రంగు మీద నిలుస్తాయి గానీ సున్నం గోడకీ, పొడి రాలే డిస్టెంపర్ రంగు గోడకీ ఆగవు, పొడితో సహా ఊడొస్తాయి. ఇంకోటి, ఓనర్‌ని మర్యాదగా అడిగి చూడండి. రంగు మా ఖర్చుతో వేసుకుంటాం, షేడ్ మీకు చూపించే వేయిస్తాం అంటే ఒప్పుకునేవాళ్లు మనం అనుకున్న దానికంటే ఎక్కువమందే.

## రంగులు

షేడ్ కార్డులో చూసిన రంగు గోడ మీద వేరేగా వచ్చింది, ఎందుకు?

కార్డు ముక్క చిన్నది, గోడ పెద్దది. అదే రంగు నాలుగు గోడల మీదకి వచ్చేసరికి ఒకదాని మీద ఒకటి ప్రతిఫలించి ఇంకాస్త ముదురుగా కనిపిస్తుంది, అందుకే నచ్చిన షేడ్ కంటే ఒక మెట్టు లేతది తీసుకోమంటారు. రెండో కారణం లైటు. షాపులో తెల్ల ట్యూబ్‌లైటు కింద చూస్తాం, ఇంట్లో పొద్దున ఎండలో ఒకలా, రాత్రి పసుపు బల్బు కింద ఇంకోలా ఉంటుంది. కంపెనీలు చిన్న శాంపిల్ డబ్బాలు అమ్ముతాయి, ఒకటి తెచ్చి కిటికీ ఎదురు గోడ మీద, కిటికీ ఉన్న గోడ మీద రెండడుగుల ముక్క చొప్పున రెండు కోట్లు వేసి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైట్లు వేశాక చూడండి. ఫోన్ స్క్రీన్ మీద చూసి మాత్రం ఖాయం చేయొద్దు.

మా హాల్లోకి ఎండ రాదు, తెల్ల రంగు వేస్తే వెలుతురు వస్తుందా?

రాదు, ఇది చాలామంది పొరపడే విషయం. పక్క బిల్డింగు నాలుగడుగుల దూరంలో ఉన్న ఫ్లాట్లలో పాలతెలుపు వేస్తే గోడ బూడిద రంగులో నీరసంగా కనిపిస్తుంది, ఎందుకంటే తెలుపుకి ప్రతిఫలించడానికి అక్కడ వెలుతురే లేదు. అలాంటి గదికి వెచ్చదనం ఉన్న లేత రంగులు బాగుంటాయి: మీగడ రంగు, లేత గంధం, కాస్త పసుపు కలిసిన ఐవరీ. సీలింగ్ మాత్రం తెల్లగా ఉంచండి. కొన్ని షేడ్ కార్డుల్లో ఎల్‌ఆర్‌వీ అని ఒక నంబరు ఉంటుంది, ఆ రంగు ఎంత వెలుతురుని వెనక్కి పంపుతుందో చెప్పేది, 0 అంటే నలుపు, 100 అంటే తెలుపు. చీకటి గదికి 65 పైన ఉన్నవి చూసుకోండి. దాంతో పాటు లైటు పాయింట్లు కూడా పెంచాలి, రంగు ఒక్కటే మోయలేదు ఆ పనిని.

ఒక గోడకి మాత్రం ముదురు రంగు వేయిద్దామనుకుంటున్నాం, ఏ గోడకి?

గదిలోకి అడుగు పెట్టగానే కళ్లు ఎక్కడికి వెళ్తాయో ఆ గోడకి, అది కూడా కిటికీలు తలుపులు లేని గోడ అయితే. మంచం తల వైపు గోడ, సోఫా వెనక గోడ సాధారణంగా కుదురుతాయి. కిటికీ ఉన్న గోడకి ముదురు వేస్తే బయటి వెలుతురుకీ గోడకీ తేడా ఎక్కువైపోయి కళ్లకి ఇబ్బంది. రంగు ఎంచుకునేటప్పుడు ఇంట్లో ఇప్పటికే ఉన్న వస్తువులోంచి ఒకటి తీసుకోండి, అమ్మ పాత పట్టుచీర అంచులోని నెమలికంఠం రంగో, పెరట్లో ఇటుక రంగో. ఇంట్లో ఇప్పటికే చూసి అలవాటైన రంగు గోడ మీద త్వరగా విసుగు పుట్టించదు. పడకగదిలో గరుకు టెక్స్‌చర్లు నేను వద్దంటాను, దుమ్ము పట్టేస్తుంది, తుడవడం కష్టం, మళ్లీ నున్నగా చేయించాలంటే గోకించాలి.

డిస్టెంపర్ చాలా, ఎమల్షనే కావాలా?

ఏడాదో రెండేళ్లో ఉండే ఇంటికి డిస్టెంపర్ చాలు, కానీ తడిబట్టతో తుడవలేం, చెయ్యి తగిలితే పొడి అంటుకుంటుంది. సొంత ఇంటికి ఎమల్షన్. పిల్లలు ఉన్న ఇల్లయితే కడగదగ్గ రకం తీసుకోండి, క్రేయాన్ గీతలు, నూనె చేతులు తుడిస్తే పోతాయి. సీలింగ్‌కి ఖరీదైనది అక్కర్లేదు.

మా గదికి ఎన్ని లీటర్లు పడుతుంది? పెయింటర్ చెప్పే లెక్క నమ్మాలా?

మీరే లెక్క వేసుకోవచ్చు. 10 అడుగులు, 12 అడుగుల గది, ఎత్తు 10 అడుగులు అనుకోండి. నాలుగు గోడల చుట్టుకొలత 44 అడుగులు, ఎత్తుతో గుణిస్తే 440 చదరపు అడుగులు. తలుపు, కిటికీలకి ఒక 60 తీసేస్తే 380. ఎమల్షన్ లీటరుకి నున్నటి గోడ మీద ఒక కోటు సుమారు 120 నుంచి 140 చదరపు అడుగులు వస్తుంది. రెండు కోట్లకి ఆరు లీటర్ల దగ్గర పడుతుంది. లప్పం సరిగ్గా లేని గరుకు గోడ అయితే ఎక్కువ తాగుతుంది. ఒక గదికి కావాల్సింది మొత్తం ఒకేసారి కలిపించండి, మెషిన్‌లో మళ్లీ కలిపిస్తే కాస్త తేడా వచ్చే అవకాశం ఉంది. మిగిలినది గట్టిగా మూత పెట్టి షేడ్ నంబరు రాసి దాచుకోండి, తర్వాత మరకల మీద టచప్‌కి అదే దిక్కు.

వేసిన ఏడాదికే రంగు ఉబ్బి పెచ్చులు ఊడిపోతోంది, మంచి కంపెనీదే వేయించాం కదా?

పెయింటు తప్పు కాదు, గోడలో చెమ్మ. ఎక్కువగా బాత్రూమ్ పక్క గోడ, టెర్రస్ కింద సీలింగ్ మూలలు, నేల నుంచి ఒకటి రెండు అడుగుల ఎత్తు వరకు, ఈ చోట్లే వస్తుంది. తడి గోడలోంచి బయటికి వస్తూ ఉప్పుని కూడా తెస్తుంది, తెల్లటి పొడి కనిపిస్తే అదే. దాని మీద ఎంత ఖరీదైన వాటర్‌ప్రూఫ్ రంగు వేసినా లోపలి నుంచి తోసేస్తుంది. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూసి, బాత్రూమ్ టైల్స్ సందులు, పైపు జాయింట్లు, టెర్రస్ పగుళ్లు ముందు బాగు చేయించండి. ఊడిన చోట గట్టి ప్లాస్టర్ వచ్చేదాకా గోకించి, పూర్తిగా ఆరాక లప్పం, ప్రైమర్. వానాకాలంలో ఈ పని మొదలుపెట్టొద్దు, ఫిబ్రవరి, మార్చి మంచి సమయం. కొత్తగా కట్టిన ఇంట్లో కూడా ప్లాస్టర్ తడి అంతా పోవడానికి టైమ్ ఇవ్వాలి, గృహప్రవేశం ముహూర్తం ముంచుకొచ్చిందని తడి గోడ మీద వేయిస్తే ఇదే జరుగుతుంది.

పెయింటర్ లప్పం పని బాగా చేశాడో లేదో మనకెలా తెలుస్తుంది?

సాయంత్రం చీకటి పడ్డాక ఒక బల్బుని వైరుతో తీసుకుని గోడకి ఆనించినట్టు పక్క నుంచి పట్టుకోండి. వెలుగు గోడ వెంబడి పాకుతుంది, ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం, కరణి గీతలు ఎక్కడున్నాయి అన్నీ నీడలుగా బయటపడతాయి. ఆ చోట్ల పెన్సిల్‌తో గుండ్రంగా గీసి పొద్దున చూపించండి. ప్రైమర్ వేయకముందే ఇది చూడాలి. మంచి పనివాళ్లు వాళ్లంతట వాళ్లే ఇలా చూసుకుంటారు.

## ఫర్నిచర్

షోరూమ్‌లో బాగున్న సోఫా మా హాల్లో ఇరుకైపోయింది, సైజు ఎలా చూసుకోవాలి?

షోరూమ్ సీలింగ్ ఎత్తు, చుట్టూ ఖాళీ ఎక్కువ, అక్కడ ఏదైనా చిన్నగానే కనిపిస్తుంది. ముగ్గురు కూర్చునే సోఫా సుమారు ఆరున్నర నుంచి ఏడు అడుగుల పొడవు, మూడడుగుల లోతు ఉంటుంది. కొనేముందు ఆ కొలతకి పాత న్యూస్‌పేపర్లు నేల మీద పరిచి అంచులకి టేపు అంటించండి, సెంటర్ టేబుల్‌కి కూడా అలాగే. రెండు రోజులు దాని చుట్టూ తిరగండి, వంటింట్లోంచి గిన్నె పట్టుకుని వస్తున్నప్పుడు, బాల్కనీ తలుపు తీస్తున్నప్పుడు కాలు పేపర్ మీద పడుతోందా చూడండి. నడిచే దారి కనీసం రెండున్నర అడుగులు, సోఫాకీ టేబుల్‌కీ మధ్య ఒకటిన్నర అడుగు ఉండాలి. ఆ తర్వాత లిఫ్టు, మెట్ల మలుపు, మెయిన్ డోర్ కొలవండి. కింద వాచ్‌మన్ దగ్గరే ఆగిపోయిన సోఫాలు ఉన్నాయి.

రెడీమేడ్ కొనాలా, కార్పెంటర్‌తో చేయించాలా?

గోడకి ఫిక్స్ అయ్యేవి, అంటే వార్డ్‌రోబ్, వంటింటి అరలు, అటక తలుపులు, ఇవి చేయించుకోవడమే మంచిది, అంగుళం కూడా వేస్ట్ అవదు. కుర్చీలు, మంచం, సోఫా రెడీమేడ్‌లో కూర్చుని, పడుకుని చూసి కొనుక్కోవచ్చు. కార్పెంటర్‌కి ఇచ్చేటప్పుడు బొమ్మ గీసి కొలతలు, వాడే ప్లై, సన్‌మైకా, కీళ్లు, ఛానెళ్ల (సొరుగులు జరిగే పట్టాల) బ్రాండు అన్నీ కాయితం మీద రాసుకోండి. మాట మీద నడిచిన పనిలోనే గొడవలు ఎక్కువ వస్తాయి.

ప్లైవుడ్, ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు అంటారు, మన వాతావరణానికి ఏది?

తడి తగిలే చోట, సింక్ కింద, బాత్రూమ్ పక్క గోడకి మెరైన్ ప్లై, దాని మీద ఐఎస్ 710 అని ఉంటుంది. మిగతా గదుల్లో అల్మరాలకి ఐఎస్ 303 ముద్ర ఉన్నది సరిపోతుంది. 18 ఎంఎం మందం అల్మరా డబ్బాకి, 6 ఎంఎం వెనక పలకకి వాడతారు. ఎండీఎఫ్ నున్నగా ఉంటుంది, రంగు బాగా పడుతుంది, తలుపులకి బాగుంటుంది గానీ నీళ్లు తగిలితే ఉబ్బుతుంది. పార్టికల్ బోర్డు చవక, స్క్రూ ఒకసారి వదులైతే మళ్లీ పట్టుకోదు, ఇల్లు మారినప్పుడల్లా విప్పి బిగించేవాళ్లకి పనికిరాదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉంటే కీళ్లు, స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువి అడగండి, మామూలువి త్వరగా తుప్పు పడతాయి. గోడలకి, గుమ్మాలకి చెదల మందు కొట్టించకుండా చెక్క పని మొదలుపెట్టొద్దు.

తాతగారి పాత టేకు పడక కుర్చీ, నవారు మంచం ఉన్నాయి, కొత్త ఫ్లాట్‌లో నప్పుతాయా?

దయచేసి అమ్మేయకండి. పాత టేకు ఇవాళ అదే నాణ్యతలో కొనాలంటే చాలా ఖరీదు, ఆ కర్ర ఎండి గట్టిపడి ఉంటుంది, ఇక అంత తేలిగ్గా వంగదు, చీలదు. పైన నల్లగా పేరుకున్న పాత పాలిష్ సాండ్‌పేపర్ పెట్టించి తీయిస్తే కింద తేనె రంగు నారలు బయటపడతాయి, అప్పుడు మెలమైన్ గానీ మామూలు ఫ్రెంచ్ పాలిష్ గానీ వేయించుకోండి. పడక కుర్చీకి గుడ్డ మార్చి మంగళగిరి నేతదో, గట్టి కాన్వాసో వేయిస్తే బాల్కనీ పక్కన చదువుకోడానికి అంతకంటే మంచి కుర్చీ దొరకదు. నవారు మంచాన్ని హాల్లో దివాన్‌లా వాడుకోవచ్చు, పోచంపల్లి ఇక్కత్ దుప్పటి, రెండు దిండ్లు చాలు. ఒకటే జాగ్రత్త, గదికి ఒకటి రెండు పాత వస్తువులు పెట్టి చుట్టూ ఖాళీ వదలండి, అన్నీ ఒకే గదిలో కుక్కితే సామాన్ల కొట్టులా ఉంటుంది.

చిన్న ఇంట్లో డైనింగ్ టేబుల్ అవసరమా?

మీరు నిజంగా ఎక్కడ కూర్చుని తింటున్నారో ఒక వారం గమనించండి. టీవీ ముందో, కింద పీట మీదో తినే ఇల్లయితే టేబుల్ మీద పేపర్లు, మందుల డబ్బాలు, కూరగాయల సంచులు తప్ప కంచాలు కనిపించవు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఉంటే మాత్రం కావాలి. నలుగురికి 4 అడుగులు బై రెండున్నర అడుగుల టేబుల్ సరిపోతుంది, గోడకి మడిచి పెట్టే రకం కూడా చేయించుకోవచ్చు. కుర్చీ వెనక్కి లాగడానికి మూడడుగులు ఖాళీ లెక్క వేసుకోండి.

కర్టెన్లు ఏ సైజు, ఎన్ని కొనాలి?

రెడీమేడ్‌లో 5 అడుగులు కిటికీకి, 7 తలుపుకి, 9 పొడవాటి వాటికి. కిటికీకి కూడా 7 అడుగులవి తీసుకుని రాడ్ కిటికీ పైన ఆరంగుళాల ఎత్తులో, రెండు పక్కలా ఆరంగుళాలు బయటికి బిగిస్తే కిటికీ పెద్దదిగా, సీలింగ్ ఎత్తుగా కనిపిస్తుంది. గుడ్డ వెడల్పు రాడ్ పొడవుకి రెండింతలు ఉండాలి, ఆరడుగుల రాడ్‌కి నాలుగడుగుల కర్టెన్లు మూడు. పడమటి కిటికీకి లోపల లైనింగ్ ఉన్నవి తప్పనిసరి, మే నెలలో తేడా మీకే తెలుస్తుంది.

## పుస్తకాల షెల్ఫులు

షెల్ఫు లోతు, అరల ఎత్తు ఎంత పెట్టించాలి?

కార్పెంటర్లు అలవాటుగా 15, 18 అంగుళాల లోతు పెట్టేస్తారు, అది బట్టల కొలత. తెలుగు నవలలు, కథల పుస్తకాలు ఎక్కువగా ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర ఎత్తు ఉంటాయి, వాటికి 9, 10 అంగుళాల లోతు చాలు. లోతు ఎక్కువైతే రెండు వరసలు పెడతాం, వెనక వరసలో ఏమున్నాయో మర్చిపోతాం. అరల మధ్య 10 నుంచి 11 అంగుళాలు, ఒక్క అర మాత్రం 14 పెట్టించండి, డిక్షనరీలు, పిల్లల బొమ్మల పుస్తకాలు, వారపత్రికల్లోంచి సీరియల్స్ చింపి అమ్మవాళ్లు బైండింగ్ చేయించుకున్న ఆ లావుపాటి వాల్యూములు అందులో పెట్టొచ్చు. అరలు పైకీ కిందకీ జరిగేలా పక్క పలకలకి వరసగా రంధ్రాలు కొట్టించి పిన్నులు పెట్టించుకుంటే ఇంకా మేలు.

షెల్ఫు మధ్యలో కిందకి వంగిపోయింది, బాగుచేయొచ్చా?

పుస్తకాలు అడుగు వరసకి ఎనిమిది పది కిలోలు తూగుతాయి, మూడడుగుల అర మీద పాతిక ముప్ఫై కిలోలు పడుతున్నట్టు. 18 ఎంఎం ప్లై అయితే రెండున్నర అడుగులకి మించి ఆధారం లేకుండా వదలొద్దు, పార్టికల్ బోర్డు అయితే రెండడుగులే. ఇప్పటికే వంగింది కాబట్టి పుస్తకాలు దించి ఆ పలకని తిరగేసి పెట్టండి, ముందు అంచు కింద ఒకటిన్నర అంగుళాల టేకు పట్టీ జిగురు, స్క్రూలతో బిగించండి, లేదా మధ్యలో ఒక నిలువు పలక పెట్టించండి. చూడటానికి కూడా ఆ నిలువు పలక బాగుంటుంది, వరస విడిపోతుంది. ఎత్తు షెల్ఫుని పైన రెండు చోట్ల ఎల్ క్లాంపులతో గోడకి కట్టేయాలి, పిల్లలు మెట్లలా ఎక్కుతారు.

షెల్ఫు ఏ గోడకి పెట్టాలి?

నేరుగా ఎండ పడని గోడకి, బాత్రూమ్ గోడ కానిదానికి. ఎండకి పుస్తకాల వీపులు వెలిసిపోతాయి, కాయితం పసుపెక్కి పెళుసవుతుంది. వెనక గోడకీ షెల్ఫుకీ మధ్య ఒక అంగుళం గాలి ఆడేలా వదలండి. హాలుకీ డైనింగ్‌కీ మధ్య గోడ లేకపోతే రెండు వైపుల నుంచీ తెరిచి ఉండే షెల్ఫు పెట్టి చూడండి, గోడ కట్టకుండానే గది విడిపోతుంది. చదివే అలవాటు పెరగాలంటే మాత్రం నా అనుభవంలో షెల్ఫు ఎక్కడుందన్న దానికంటే దాని పక్కన కుర్చీ, లైటు ఉన్నాయా అన్నదే ముఖ్యం.

పుస్తకాలకి పురుగులు పడుతున్నాయి, వేపాకులు పెడితే పోతాయా?

ఎండిన వేపాకులు కొంత సాయం చేస్తాయి, పచ్చివి పెడితే తడి చేరి ఇంకా చెడ్డది. అసలు శత్రువు చెమ్మ, దుమ్ము. వెండిలా మెరుస్తూ పరిగెత్తే సిల్వర్ ఫిష్ అట్టల్లోని జిగురు, పిండి పదార్థం తింటుంది, తేమ లేకపోతే బతకదు. వానాకాలం అయిపోయాక ఒకసారి, సంక్రాంతి సర్దుళ్లలో ఒకసారి అన్నీ దించి పొడి గుడ్డతో తుడిచి, పేజీలు గాలికి తిరగేసి, నీడలో ఆరబెట్టి మళ్లీ పెట్టండి. కలరా ఉండలు గుడ్డలో కట్టి మూలల్లో పెట్టొచ్చు, చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో మాత్రం వద్దు, మింగితే ప్రమాదం. కొత్తగా కొన్న పాత పుస్తకాలు, అంటే కోఠీ ఫుట్‌పాత్ మీద, ఆదివారం ఆబిడ్స్‌లో తెచ్చినవి నేరుగా షెల్ఫులో పెట్టకుండా కొన్నాళ్లు విడిగా ఉంచి చూడండి. అట్ట లోపల మట్టి గీతలు కనిపిస్తే చెదలు, అప్పుడు షెల్ఫుతో పాటు గోడకి కూడా మందు కొట్టించాలి.

రంగుల వారీగా సర్దితే బాగుంటుందా?

ఫొటోకి బాగుంటుంది. వెతుక్కోడానికి కథలు, నవలలు, కవిత్వం, పిల్లలవి అని విడదీసి, అందులో రచయిత పేరు వారీగా పెడితే సుఖం. అందం కోసం ప్రతి అరలో కొంచెం ఖాళీ వదిలి ఒక ఏటికొప్పాక బొమ్మో, చిన్న కుండీనో పెట్టండి. నీళ్లు పోసే మొక్క పుస్తకాల పై అరలో మాత్రం పెట్టకండి.

## మొక్కలు

మా ఇంట్లోకి ఎండ రాదు, ఏ మొక్కలు బతుకుతాయి?

స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్, మనీ ప్లాంట్, అగ్లోనెమా. ఇవి ఎండ లేకపోయినా వెలుతురు ఉంటే చాలు. పగలు లైటు వేయకుండా పుస్తకం చదవగలిగే చోటు అయితే అక్కడ ఇవి ఉంటాయి. చదవలేనంత చీకటి మూల అయితే ఏదీ ఎక్కువకాలం ఉండదు, రెండు కుండీలు కొని వారానికి ఒకటి బాల్కనీకి మార్చుకోవాలి. తులసి, మందారం, కరివేపాకు లోపల పెంచొద్దు, వాటికి రోజూ ఐదారు గంటల ఎండ కావాలి.

రోజూ నీళ్లు పోస్తున్నా చచ్చిపోతోంది ఎందుకు?

రోజూ పోస్తున్నందుకే. ఇంట్లో మొక్కలు ఎండిపోవడం కంటే వేర్లు కుళ్లడం వల్లే ఎక్కువ పోతాయి. వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చండి, పొడిగా ఉంటేనే పోయండి, కింద రంధ్రంలోంచి కారేదాకా పోసి ఆ ప్లేటులో నీళ్లు పారబోయండి. స్నేక్ ప్లాంట్, జీజీ రెండు మూడు వారాలు నీళ్లు లేకుండా ఉండగలవు. అడుగున రంధ్రం లేని అందమైన కుండీ కొని ఉంటే ప్లాస్టిక్ కుండీతో సహా అందులో దింపి పెట్టుకోండి. మట్టి విషయానికొస్తే ఎర్రమట్టి ఒక్కటే బిగుసుకుపోతుంది, దాంట్లో కోకోపీట్ (కొబ్బరి పొట్టు), వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు), గుప్పెడు వేప పిండి కలపాలి. ఆకుల కింద తెల్లగా దూది లాగా పిండినల్లి కనిపిస్తే లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట కొట్టండి.

మొక్కలు పెడితే గాలి శుభ్రమవుతుందట కదా?

ఈ మాట 1989లో నాసా చేసిన ఒక పరిశోధన నుంచి వచ్చింది, అది గాలి చొరబడని చిన్న పెట్టెల్లాంటి గదుల్లో చేసింది. మన ఇళ్లలో తలుపులు, కిటికీలు ఉంటాయి. 2019లో అమెరికాలో డ్రెక్సెల్ యూనివర్సిటీ వాళ్లు పాత ప్రయోగాలన్నీ కలిపి లెక్కగట్టి చూస్తే మామూలుగా వచ్చిపోయే గాలితో సమానం కావాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేలింది. కాబట్టి గాలి కోసం కిటికీ తెరవండి, మొక్కని మొక్క మీద ఇష్టంతో పెంచుకోండి. పొద్దున్నే కొత్త ఆకు చుట్ట విప్పుకుంటూ కనిపిస్తే వచ్చే సంతోషం చాలదా.

చిన్నపిల్లలు, పిల్లి ఉన్నారు, ఏవి పెట్టకూడదు?

డిఫెన్‌బేకియా అసలు వద్దు, నోట్లో పెట్టుకుంటే నాలుక మండి వాచిపోతుంది. మనీ ప్లాంట్, పీస్ లిల్లీ కూడా నమిలితే మంట పుట్టిస్తాయి, అందని ఎత్తులో పెట్టండి. గన్నేరు మొత్తం విషమే, బాల్కనీలో కూడా వద్దు. అరెకా పామ్, స్పైడర్ ప్లాంట్ భయం లేనివి.

ఎండాకాలం బాల్కనీ మొక్కలన్నీ మాడిపోతాయి, ఏం చేయాలి?

ఏప్రిల్ మొదట్లోనే 50 శాతం గ్రీన్ షేడ్ నెట్ కట్టేయండి. కుండీలన్నీ దగ్గరదగ్గరగా జరపండి, తేమ నిలుస్తుంది. మట్టి పైన ఎండుటాకులో కొబ్బరి పీచో పరవండి. నీళ్లు ఎండ ఎక్కకముందే పోయాలి, మధ్యాహ్నం ట్యాంకు నీళ్లు సలసల కాగుతుంటాయి. నల్ల ప్లాస్టిక్ కుండీలు వేడెక్కి వేర్లని ఉడకబెడతాయి, మట్టివి మేలు.

నీళ్లల్లో పెంచే మనీ ప్లాంట్ వల్ల దోమలు వస్తాయా?

వస్తాయి. డెంగ్యూ దోమ శుభ్రమైన నిలవ నీళ్లలోనే గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో దోమ తయారు. కాబట్టి వారానికి ఒకసారి తప్పకుండా నీళ్లు మార్చి సీసా లోపల రుద్ది కడగండి, కుండీ కింద ప్లేట్లు కూడా.

కడియం వెళ్లి తెచ్చుకుంటే మంచిదా?

రాజమండ్రి వైపు వెళ్తుంటే తప్పకుండా వెళ్లండి, కడియం, కడియపులంకల్లో రోడ్డుకి రెండు పక్కలా నర్సరీలే, ఇన్ని రకాలు ఒకచోట దొరకడం అరుదు. పొద్దున్నే వెళ్లండి. అక్కడి గోదావరి గాలి నుంచి మీ ఫ్లాట్‌కి వచ్చాక మొదటి రెండు వారాలు ఆకులు రాలుస్తాయి, కంగారుపడి కుండీ మార్చడం, ఎరువు వేయడం చేయొద్దు, నీడలో వదిలేయండి.

## గోడలు, లైట్లు, చివరి సర్దుబాటు

గోడకి ఆన్‌లైన్ పోస్టర్లు కాకుండా మనవి ఏం పెట్టొచ్చు?

మన దగ్గర ఎన్ని ఉన్నాయో చూడండి. శ్రీకాళహస్తి కలంకారీ కలంతో చేత్తో గీసేది, పెడన కలంకారీ చెక్క అచ్చులతో అద్దేది, మొదటిది ఫ్రేమ్ కట్టించుకోడానికి, రెండోది కర్టెన్లకి, దిండు గలేబులకి బాగుంటుంది. చేర్యాల నకాషీ చిత్రాల ఎర్రటి నేపథ్యం లేత గోడ మీద వెలిగిపోతుంది. శ్రీసత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్లు అదే తోలుతో ల్యాంప్ షేడ్లు చేస్తారు, రాత్రి లోపల బల్బు వెలిగితే బొమ్మల రంగులు గోడ మీద పడతాయి. నేల మీదకి వరంగల్ డర్రీలు. సహజ రంగుల కలంకారీని ఎండ పడే గోడకి పెట్టొద్దు, వెలిసిపోతుంది. చిత్రం మధ్యభాగం నిలబడ్డ మనిషి కంటి ఎత్తులో, నేల నుంచి ఐదడుగుల దగ్గర రావాలి, మనవాళ్లు అలవాటుగా సీలింగ్ దగ్గర వేలాడదీస్తారు.

తెల్ల లైటా, పసుపు లైటా?

రెండూ కావాలి, వేరేవేరే స్విచ్‌లకి. ఎల్‌ఈడీ డబ్బా మీద కెల్విన్ నంబరు ఉంటుంది, 6500 నీలం కలిసిన తెలుపు, 4000 మధ్యరకం, 2700 నుంచి 3000 వెచ్చటి పసుపు. వంటింటికి, చదువుకునే టేబుల్‌కి 4000. హాల్లో, పడకగదిలో సాయంత్రాలు 3000. గది మధ్యలో ఒకే ఒక్క పెద్ద లైటు ఉంటే మనుషుల మొహాల మీద నీడలు పడతాయి, దాని బదులు మూడు చిన్నవి మూడు మూలల్లో పెట్టి చూడండి.

అన్నీ పెట్టాక ఇల్లు ఇరుకుగా అనిపిస్తోంది, ఏం తీసేయాలి?

ఏదీ వెంటనే పారేయొద్దు. హాల్లోంచి చిన్న వస్తువులు, అంటే షోకేసు బొమ్మలు, స్టూళ్లు, అదనపు దిండ్లు, ప్లాస్టిక్ పూలు అన్నీ ఒక పెట్టెలో సర్ది అటక మీద పెట్టండి. గది ఖాళీగా నెల రోజులు వదిలేయండి. ఇంట్లో ఎవరైనా అది ఏదీ అని అడిగిన వస్తువుని మాత్రమే కిందకి దించండి. పెద్ద సామానులో నేలకి ఆనకుండా కాళ్ల మీద నిలబడే రకాలు ఉంటే కింద నేల కనిపించి గది పెద్దదిగా అనిపిస్తుంది, ఊడ్చుకోడానికి కూడా వీలు. నడిచే దారిలో ఏది అడ్డం వస్తోందో చూసి దాన్ని ముందు గోడ వైపు జరపండి, చాలా ఇళ్లలో అది సెంటర్ టేబులే అవుతుంది.